దేశం సంపన్నమైతేనే ఖగోళ పరిశోధన సాగుతుందా?

అమ్మా, నీ గ్రాఫు శ్రద్ధగా చూశాను. దేశాల తలసరి ఆదాయం అడ్డంగా, పది లక్షల జనాభాకి ఎన్ని ఖగోళశాస్త్ర పేపర్లు వస్తున్నాయన్నది నిలువుగా పెట్టి చుక్కలు వేశావు. చుక్కలు ఎడమ కింద నుంచి కుడి పైకి ఎగబాకాయి. మన దేశం ఎడమవైపు అడుగున పడింది. "సార్, డబ్బున్న దేశాలకే ఈ శాస్త్రం రాసిపెట్టి ఉందా? అలాగైతే ఇక్కడ పీహెచ్‌డీ చేయడంలో అర్థం ఉందా? ఎమ్మెస్సీ అవగానే అమీర్‌పేటలో ఏదైనా కోర్సులో చేరిపొమ్మని ఇంట్లో అంటున్నారు" అని అడిగావు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నవాడిని కాబట్టి నీకు దాపరికం లేకుండా చెప్పాలి.

నీ గీత తప్పు కాదు. సంపదకూ పరిశోధనకూ సంబంధం ఉంది, అది గట్టిదే. కానీ ఆ గీత చూసి "జీడీపీ పెరిగితే పేపర్లు పెరుగుతాయి" అనేస్తే మధ్యలో జరిగేదంతా కనిపించకుండా పోతుంది. నాకు తెలిసింది ఆ మధ్యలో జరిగేదే.

ముందు చుక్కలు ఎంత చెదిరి ఉన్నాయో చూడు. నీ కుడివైపు చివర గల్ఫ్ దేశాలున్నాయి. తలసరి ఆదాయంలో యూరప్‌తో పోటీ పడతాయి, పేపర్లలో మాత్రం అంతకు చాలా కింద ఉన్నాయి. అదే ఆదాయం దగ్గర నెదర్లాండ్స్ ఆకాశంలో ఉంది. లైడెన్‌లో వేధశాల 1633లోనే పెట్టారు. ఊర్ట్ లాంటి పెద్ద ఖగోళ శాస్త్రవేత్తలు అక్కడ తరాలకు తరాలు శిష్యుల్ని తయారుచేశారు. గల్ఫ్‌లో సంపద వచ్చి ఇంకా రెండు మూడు తరాలే అయింది. యూఏఈ 2020లో అంగారకుడికి హోప్ నౌకను పంపింది, 2021లో అది కక్ష్యలోకి చేరింది. నాకు అది చాలా సంతోషం కలిగించిన విషయం. అయితే ఒక నౌకను కొని, కట్టి, పంపడం వేరు. దాని డేటా మీద ఇరవై ఏళ్ళు కూర్చునే మనుషులు తయారుకావడం వేరు. రెండోదానికి చెక్కు రాస్తే సరిపోదు.

మధ్యలో చిలీ చూడు. దాని ఆదాయానికి ఉండాల్సిన చోటు కంటే పైనే ఉంది. కారణం అటకామా ఎడారి. అక్కడి గాలిలో తేమ లేదు, మబ్బు అరుదు. పెద్ద టెలిస్కోపులు అక్కడ కట్టుకున్న విదేశీ సంస్థలు సాధారణంగా పరిశీలన సమయంలో 10 శాతం చిలీ సంస్థలకు ఇస్తాయి. ఆ ఎడారిలోని పారానల్ కొండ మీది 8.2 మీటర్ల అద్దాల మీద ప్రతి పదో రాత్రి తమదైతే, ఆ దేశంలో కుర్రవాళ్ళు ఖగోళశాస్త్రం వైపు రాకుండా ఎలా ఉంటారు?

ఇంకొకటి, నువ్వు అన్నింటినీ తలసరి చేశావు. పరిశోధకుల సంఖ్యకి అది బాగుంటుంది. టెలిస్కోపుకి కాదు. టెలిస్కోపుని జనాభాతో భాగించలేం. పది లక్షల జనాభా ఉన్న సంపన్న దేశం ఒంటరిగా పెద్ద అద్దం కట్టలేదు. 140 కోట్ల దేశం తలకి ఒక రూపాయి తీస్తే 140 కోట్లు. అందుకే యూరప్ దేశాలు ఒక్కటయ్యాయి. 1962లో అయిదు దేశాలు కలిసి ఈఎస్‌ఓ (యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ) అనే సంస్థ పెట్టుకున్నాయి, ఇప్పుడు 16 ఉన్నాయి. జాతీయ ఆదాయాన్ని బట్టి ఎవరి చందా వాళ్ళు కడతారు. నువ్వు వెతుకుతున్న సంబంధం అక్కడ నేరుగా కాగితం మీదే ఉంది! మనది దీనికి తలకిందులు. మొత్తం ఆదాయంలో ప్రపంచంలో మొదటి అయిదారు దేశాల్లో ఉన్నాం, తలసరిలో ఎక్కడో కింద. కాబట్టి మనం ఒక పెద్ద పరికరం కట్టగలం. దాని చుట్టూ చాలినంత మందిని పెట్టలేకపోతున్నాం. పరిశోధన, అభివృద్ధి అంతటికీ కలిపి మన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. దక్షిణ కొరియాది 5 శాతం దగ్గర. మన చుక్క కింద ఉండటంలో పేదరికం వాటా కొంతే, ఈ అంకె వాటా కూడా కొంత ఉంది. పేదరికం మన చేతిలో లేదనుకున్నా, ఈ అంకె మన చేతిలోనిదే.

పేపర్ల లెక్క గురించి కూడా ఒక మాట. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంగతి పట్టుకున్నప్పుడు, ఆ పరిశీలనలన్నీ కలిపి రాసిన పేపరుకి 3,500 మందికి పైగా రచయితలు. మన పుణె దగ్గరి రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ కూడా ఆ సంఘటన వెంట పడిన వాటిలో ఒకటి. నీ లెక్కలో అలాంటి ఒక్క పేపరు ఎన్నో దేశాల ఖాతాల్లో ఒక్కొక్కటిగా జమ అవుతుంది. చిన్న దేశం ఒక్క పెద్ద బృందంలో చేరితే చాలు, చుక్క ఎగిరిపోతుంది. రచయితల వాటా ప్రకారం పంచి మళ్ళీ వేసి చూడు.

ఇప్పుడు అసలు సంగతి. నీ గ్రాఫులో ఈ ఏటి ఆదాయం, ఈ ఏటి పేపర్లు పక్కపక్కన ఉన్నాయి. ఖగోళశాస్త్రంలో ఈ రెండూ ఒకే ఏటివి కావు. ఇవాళ అచ్చవుతున్న పేపరు వెనక ఇరవై ముప్ఫై ఏళ్ళ కిందటి సంతకం ఉంటుంది. చైనాలో ‘ఫాస్ట్’ అనే 500 మీటర్ల రేడియో టెలిస్కోపు ఆలోచన 1994లో మొదలైంది, 2016లో పూర్తయింది. 1994 నాటి చైనా తలసరి ఆదాయంలో ఇవాళ్టి మనకంటే కింద ఉంది. మన జీఎంఆర్‌టీ 1980ల నాటి ఆలోచన. ప్రపంచంలో అందరికీ తలుపులు తెరిచింది 2002లో. మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌కి 2004లో అనుమతి వచ్చింది, ఎగిరింది 2015 సెప్టెంబరు 28న. గురుత్వ తరంగాలను పట్టే లైగో-ఇండియా కేంద్రానికి సూత్రప్రాయంగా సరే అన్నది 2016లో, 2,600 కోట్లతో తుది ఆమోదం 2023లో. మహారాష్ట్రలోని హింగోలి దగ్గర అది పనిచేయడం మొదలుపెట్టేసరికి నీకు శిష్యులుంటారు.

అందుకే నేను ఇన్నేళ్ళకు తెలుసుకున్నది ఇది. దేశం దగ్గర ఎంత డబ్బుందన్న దానికంటే, ఆ డబ్బు ఎన్నేళ్ళు తెగకుండా వచ్చిందన్నది ఈ శాస్త్రంలో ఎక్కువ తేల్చుతుంది. దీనికి నీకు చిలీ దాకా వెళ్ళక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు చేరమంటున్న ఆ అమీర్‌పేట కోచింగు సెంటర్లకి కూతవేటు దూరంలో, బేగంపేటలో నిజామియా వేధశాల ప్రాంగణం ఉంది. ఇప్పుడు ఆ ప్రాంగణంలో ఆర్థిక సామాజిక అధ్యయనాల సంస్థ సెస్ నడుస్తోంది. నీ గ్రాఫులోని రెండు అక్షాలూ ఒకే కాంపౌండు గోడ లోపల ఉన్నాయి!

ఆ వేధశాల కథ హైదరాబాదులోనే ఫిసల్‌బండలో మొదలైంది. నవాబు జఫర్ జంగ్ అనే కులీనుడికి ఆకాశం పిచ్చి. 1901లో 15 అంగుళాల గ్రబ్ కంపెనీ దూరదర్శిని తెప్పించుకున్నాడు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం వేధశాలను తన చేతిలోకి తీసుకుని, తర్వాత బేగంపేటకి మార్చింది. అంత ఖరీదైన ఆ 15 అంగుళాల దూరదర్శినిని బిగించి వాడుకలోకి తెచ్చేసరికి 1920లు వచ్చాయి. డబ్బు వెంటనే పనిగా మారదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

వేధశాలకి పేరు తెచ్చింది దానికంటే చిన్నదైన 8 అంగుళాల ఫొటో దూరదర్శిని. 1887లో పారిస్‌లో ప్రపంచంలోని వేధశాలలు కొన్ని కూర్చుని ఆకాశమంతటినీ గాజు పలకల మీద ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేద్దామని పంచుకున్నాయి. ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సూటిగా ఆకాశంలో ఊహించుకునే గీతకు, దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకి వెళ్ళింది. వాళ్ళ వల్ల కాలేదు. అది హైదరాబాదుకి వచ్చింది. 1914లో పోకాక్ అనే అధికారి కాలంలో పలకలు తీయడం పట్టాలెక్కింది. 1918లో ఆయన చనిపోతే భాస్కరన్ శాస్త్రి అందుకున్నారు. ఆ తర్వాత ఏడాది వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది, పని ఆగలేదు. దక్షిణపు పట్టీ అయ్యాక ఉత్తరాన మరో పట్టీ ఒప్పుకున్నారు. అది జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తిచేయలేక వదిలేసినదాంట్లో భాగం, 36 నుంచి 39 డిగ్రీలు. అది 1938 దాకా నడిచింది. 1944లో అక్బర్ అలీ అధికారిగా వచ్చేనాటికి అచ్చు పని ఇంకా సాగుతోంది.

ఆ రోజుల్లో జర్మనీ ఆదాయమెంత, హైదరాబాదు సంస్థానంలో రైతు ఆదాయమెంత? 1937లో టైమ్ పత్రిక మన నిజాం బొమ్మ ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడంది నిజమే. కానీ ఆ పట్టీ పూర్తయింది ఖజానాలోని వజ్రాల వల్ల కాదమ్మా. ముగ్గురు అధికారులు మారినా, యాజమాన్యం మారినా, రాత్రికి ఇన్ని పలకలు తీయాలి, పగలు వాటి మీద చుక్క చుక్కనీ కొలిచి పుస్తకంలో రాయాలి అన్న పనికి జీతాలు ఆగకుండా వచ్చాయి. పెద్ద జీతాలు కూడా కావు. పాతికేళ్ళు వచ్చాయి, అంతే.

ఆ కొలతలు ఏమయ్యాయో తెలుసా? హిప్పార్కస్ ఉపగ్రహం 1990ల్లో నక్షత్రాల స్థానాలు కొలిచింది. నక్షత్రం ఎంత వేగంగా కదులుతోందో తెలియాలంటే పాత స్థానం కూడా కావాలి, కాలం ఎంత ఎడంగా ఉంటే అంత మంచిది. ఆ పాత స్థానాలు ప్రధానంగా ఆ గాజు పలకల పట్టికల నుంచి తీసుకున్నారు. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలున్నాయి. అందులో ఆ రెండు పట్టీల్లోని నక్షత్రాల వెనక బేగంపేటలో ఎవరో చలికాలపు రాత్రి తీసిన పలక ఉంది. ఆ కొలిచినవాళ్ళ పేర్లు ఏ సూచికలోనూ లెక్కకు రావు. నీ గ్రాఫులోనూ రావు.

దీనికి ఇంకో కొమ్మ ఉంది. ఆ వేధశాలలో పనిచేసిన ఒకాయన కొడుకు వైనూ బప్పు. ఆ డోముల నీడలో పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు, సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో హార్వర్డ్ వెళ్ళాడు. 1949లో అక్కడ ఒక తోకచుక్కను కనిపెట్టాడు, దానికి బప్పు-బోక్-న్యూకిర్క్ అని పేరొచ్చింది. తిరిగొచ్చి తమిళనాడులోని కావలూరులో వేధశాల కట్టాడు. ఆయన తలపెట్టిన 2.3 మీటర్ల టెలిస్కోపు మన దేశంలోనే తయారై 1986లో మొదలైంది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు. ఒక సంస్థానం ఒక కుర్రాడికి ఇచ్చిన స్కాలర్‌షిప్పు ఫలితం ఏ ఏటి జీడీపీ పక్కన రాస్తావు?

తెగిపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి, అది నేను దగ్గరుండి చూశాను. ఒకప్పుడు నేను పనిచేసిన ఒక చోట సీసీడీ కెమెరా ఉండేది. దాన్ని చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ కావాలి. నలభై లీటర్ల డబ్బా జీపులో పెట్టుకుని పట్నం నుంచి తెచ్చేవాళ్ళం. మే నెల ఎండలో, గతుకుల్లో డబ్బా మూతి నుంచి తెల్లటి ఆవిరి చిమ్ముతుంటే ప్రతి కిలోమీటరుకీ మా రాత్రి తరిగిపోతున్నట్టు ఉండేది. అది కష్టమే గానీ చేశాం. ఒక ఏడు నవంబరులో కెమెరా షట్టరు పోయింది. అరచేతిలో పట్టే ముక్క, వెల మా టెక్నీషియన్ నెల జీతం కంటే తక్కువ. మూడు కొటేషన్లు కావాలన్నారు. తయారుచేసేది ఒక్కటే కంపెనీ, మూడు ఎక్కడ తెస్తాం? వివరణ రాశాం. ఫైలు తిరిగింది, ఆర్థిక సంవత్సరం మారింది, మళ్ళీ మొదటి నుంచి రాశాం. ముక్క వచ్చేసరికి జూన్ రెండో వారం. మర్నాడు నైరుతి మబ్బులు కమ్ముకున్నాయి. ఆ సీజనులో మేం గమనించాల్సిన జంట తారల మీద ఒక స్కాలరు పీహెచ్‌డీ ఆధారపడి ఉంది. ఆ కుర్రాడు మరుసటి ఏడు బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. మంచి కన్ను ఉన్నవాడు. మా టెక్నీషియన్ రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. ఆ షట్టరు ఎలా బిగించాలో తెలిసిన మనిషి ఆయనొక్కడే.

ఆ ఏడు మన దేశానికి డబ్బు లేదా? ఉంది. గ్రాంటు కూడా మంజూరై ఉంది. లోపించింది ఆ నవంబరులో ఆ ముక్క, ఆ కుర్రాడికి నెలనెలా ఫెలోషిప్పు, ఆ కుర్చీలో మరో టెక్నీషియన్. సంపన్న దేశాల్లో ఖరీదైన అద్దాలు ఉన్నందుకు నాకు అసూయ లేదు. వాళ్ళకి షట్టరు వారంలో వస్తుంది. అది చూస్తే మాత్రం మనసు కలుక్కుమంటుంది.

డబ్బు తక్కువైనప్పుడు బుర్ర ఎంతవరకు ఆ లోటు పూడుస్తుందో చెప్పడానికి మన దగ్గర రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ గారు ఉండేవారు. ఊటీలో 1970 నాటికి ఆయన బృందం 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు రేడియో టెలిస్కోపు కట్టింది. దాన్ని సుమారు 11 డిగ్రీల వాలున్న కొండ మీద ఉత్తర దక్షిణంగా పరిచారు. ఆ ఊరి అక్షాంశం కూడా 11 డిగ్రీలే. అందువల్ల టెలిస్కోపు ఇరుసు భూమి ఇరుసుకి సమాంతరమైంది. ఒక్క ఇరుసు మీద తిప్పితే చాలు, ఆకాశంలోని మూలాన్ని గంటల తరబడి వెంబడించవచ్చు. కొనాల్సిన యంత్రాంగంలో సగం పని కొండ చేసిపెట్టింది. జీఎంఆర్‌టీలో 45 మీటర్ల వ్యాసమున్న డిష్‌లు 30. ఘనమైన లోహపు రేకు వేస్తే గాలి బరువుకి ఉక్కు కుప్పలు కావాలి. తీగల తాళ్ళు లాగి కట్టి వాటి మీద సన్నటి వల పరిచారు. మీటరు దరిదాపు పొడవున్న తరంగాలకి ఆ వల కన్నాలు లేని అద్దంలా పనిచేస్తుంది, గాలి మాత్రం దూరిపోతుంది. అంత పెద్ద ఏర్పాటు సంపన్న దేశాలు కూడా సమయం కోసం దరఖాస్తు పెట్టుకునే పరికరమైంది.

హైదరాబాదుకి కూడా ఇలాంటి సహజమైన ఆస్తి ఉంది, చాలామందికి తెలియదు. ఈసీఐఎల్ వైపు టాటా పరిశోధనా సంస్థ టీఐఎఫ్‌ఆర్ వారి బెలూన్ కేంద్రం ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖకి దగ్గరలో ఉండటంతో ఇక్కడ అంతరిక్షం నుంచి వచ్చే విద్యుదావేశ కణాల గోల తక్కువ. ఎక్స్-కిరణాల పరికరాలకి అది వరం. రాకెట్టు ఖర్చులో చిన్న వంతుతో పరికరం 30 కిలోమీటర్ల పైకి వెళ్ళి కొన్ని గంటలు ఆకాశం చూసి పారాచూట్‌తో పొలాల్లో దిగుతుంది. తెల్లవారుజామున పాల కవరు కంటే పల్చటి ఆ ప్లాస్టిక్ గుమ్మటం నెమ్మదిగా లేచి, సూర్యుడింకా మనకు కనబడకముందే పైన మెరవడం చూశాను. ఇప్పటికీ కళ్ళలో ఉంది.

ఇక నీ భవిష్యత్తు సంగతి. నా తరానికి లేని ఒక వెసులుబాటు నీకుంది. నక్షత్రాలను కొలిచిన గాయా ఉపగ్రహం విడుదల చేసిన డేటా మొదటి రోజు నుంచే అందరిదీ. లండన్‌లో ప్రొఫెసరుకీ, తార్నాకలో నీకూ అది ఒకే క్షణంలో దొరుకుతుంది. పేపర్లు 1990ల మొదటి నుంచీ ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైటులో ఉచితంగా చదువుకోవచ్చు. ఇక్కడ సంపద గీత కొంత చదునవుతుంది. అయితే ఇంకో చోట అది లేస్తోంది, అది నన్ను బాధపెడుతోంది. 2024 నుంచి బ్రిటన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ నెలవారీ పత్రికలో అచ్చుకి రచయితే ఫీజు కట్టాలి, రెండు వేల పౌండ్లకు పైనే. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు నెలకి 37,000 రూపాయలు. ఒక్క పేపరుకి ఇంచుమించు ఆరేడు నెలల ఫెలోషిప్పు. చదవడం ఉచితమై రాయడం ఖరీదైతే ఎవరు మానేస్తారో నీకు తెలుసు. మన ఇండియన్ అకాడమీ ప్రచురించే జర్నల్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అండ్ ఆస్ట్రానమీలో ఆ భారం లేదు. మొదటి పేపరు అక్కడ వేయడానికి మొహమాటపడకు.

పీహెచ్‌డీ ఇక్కడ చేయవచ్చా అంటే, చేయవచ్చు, చోటు చూసుకుని. పీహెచ్‌డీ ప్రవేశానికి జెస్ట్ పరీక్ష రాయి. చేరే ముందు ఆ సంస్థ భవనాల్నీ ర్యాంకుల్నీ పక్కన పెట్టి అక్కడి మూడో ఏడు, నాలుగో ఏడు స్కాలర్లతో మాట్లాడు. ఫెలోషిప్పు నెలనెలా పడుతోందా, పరికరం పాడైతే ఎన్నాళ్ళకు బాగవుతోంది, గైడు రిటైర్మెంటు ఎప్పుడు, ఆయన తర్వాత ఆ పని చూసేవాళ్ళున్నారా అని అడుగు. ఈ నాలుగింటికి సరైన జవాబు వస్తే నీకు జీడీపీతో పని లేదు. రాకపోతే సంపన్న దేశమైనా చేరకు. ఇంట్లోవాళ్ళ మాట కూడా కొట్టిపారేయకు. ప్రోగ్రామింగు నేర్చుకో, నువ్వు గాయా పట్టికలు తెరిచే రోజున అదే నీకు పలుగూ పారా. అమీర్‌పేటలోనే నేర్చుకో, ఏం తప్పు?

ఈలోగా నీ గ్రాఫు మళ్ళీ వేయి. అడ్డంగా ఈ ఏటిది కాకుండా 1995 నాటి తలసరి ఆదాయం పెట్టు. మరో పటంలో అదే చోట, జీడీపీలో పరిశోధనకి పెట్టిన శాతాల ఇరవై ఏళ్ళ సగటు పెట్టు. మూడో పటంలో ఆ శాతం ఏటికేడు ఎంత ఊగిందో పెట్టు. నాకు ఆ మూడో పటం చూడాలని ఉంది. వేశాక పంపు, ఆదివారం బేగంపేటలో కలుద్దాం. అనుమతి తీసుకుంటే డోము దగ్గరికి వెళ్ళనిస్తారు, అడిగి పెడతాను.